పటానికి రంగు వేసేటప్పుడు

రంగులను గురించి రేడియోలో మాట్లాడడం కొంత విడ్డూరమే. అయినా మన ఉప్పల్ నల్ల చెరువును తలచుకోండి. పేరుకు నల్లనిదే గాని, భారత సర్వే శాఖవారి పటాలలో నీరున్న చెరువుకు నీలమే చెల్లుతుంది; నలుపు ఎండిన వాగుకు. సాగుభూమికి పసుపు, అడవికి ఆకుపచ్చ, ఎత్తులు తెలిపే రేఖలకు గోధుమరంగు. 1967 నుంచి సర్వే విద్య నేర్పుతున్న ఆ శాఖ శిక్షణ కేంద్రం ఉప్పల్‌లోనే ఉన్నది. దాహంతో నడిచే బాటసారికి నీలానికీ నలుపుకూ గల భేదం అలంకారం కాదు గదా!

నేడు కంప్యూటరుపై పటాలు గీసేవారు పలువురు మాట్‌ప్లాట్‌లిబ్‌ను ఆశ్రయిస్తారు. మనం రంగు చెప్పకపోతే అది ముందే నిర్ణయించివున్న రంగు వేస్తుంది. హెచ్చుతగ్గులు చూపడానికి పూర్వం 'జెట్' అనే ఇంద్రధనుస్సు వరుస వాడేది. అందులో నడుమనున్న పసుపు మిక్కిలి వెలుగుతుంది. అంకెలు సమంగా పెరుగుతున్నా, అక్కడొక గట్టు ఉన్నట్లు కన్ను భ్రమిస్తుంది. 2017లో దాని స్థానంలో 'విరిడిస్' వచ్చింది. ముదురు ఊదా నుంచి పసుపు దాకా వెలుగు క్రమంగా హెచ్చే వరుస ఇది. నలుపు తెలుపు అచ్చులోనూ ఆ క్రమం చెడదు.

గీతల సంగతి వేరు. నాచారం చెరువు నీటిమట్టాన్ని రెండేళ్లకు రెండు గీతలుగా, ఎరుపులో ఒకటి, ఆకుపచ్చలో ఒకటి గీశారనుకోండి. ఆ రెండు రంగుల భేదం తెలియని కన్నులు లోకంలో తక్కువేమీ కావు. వారికి నిండిన యేడేదో, ఎండిన యేడేదో తెలియదు. ఒకటి నిండుగీతగా, మరొకటి తెంపుగీతగా ఉంచండి. మందమూ మార్చవచ్చును. ప్రతి గీత చివర సంవత్సరం వ్రాస్తే మూలనుండే రంగుల పట్టీతో పని ఉండదు. నేనైతే దానిని తీసివేస్తాను.