మోటరు, స్టార్టరు, ఆరు చుక్కలు

బీఈడీ ముగించి నల్లగొండ, పాలమూరు బడుల్లో అడుగుపెట్టే ఇంగ్లిష్ టీచరు కోసం ఎలాంటి తరగతి ఎదురుచూస్తోంది? దేవరకొండ వైపు తండా పిల్లకు ఇంట్లో లంబాడీ, ఆటల్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. వెనక బెంచీలో, అమ్మానాన్నలతో వలసపోయి నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడు. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతమే. ఇంట్లో హోంవర్కు చూసేవాళ్లు ఉంటారని టీచరు అనుకోవడానికి లేదు.

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. మంచి ఏర్పాటే. తెలుగు పేజీ చదువు రాని పిల్లల కోసమేనని టీచరే అనుకుంటే మాత్రం ఆ అచ్చు ఖర్చు దండగ.

ఈ పిల్లలు బోరు, మోటరు, స్టార్టరు, ఫ్యూజు అని రోజూ అంటూనే ఉంటారు. నోట నానిన ఆ మాటలనే బోర్డు మీద రాసి చదివించవచ్చు. చిక్కల్లా స్పెల్లింగుతోనే. తెలుగులో 'క' ఎక్కడున్నా కే. ఇంగ్లిష్ 'సి' మాత్రం క్యాట్‌లో ఒకలా, సిటీలో మరోలా పలుకుతుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లకు ఇది మరీ కష్టం. శబ్దాన్నీ అక్షరాన్నీ జతచేసి, కొద్దికొద్దిగా, పదేపదే చెప్పాల్సిందే.

చూపులేని పిల్ల సంగతి విచిత్రం. ఆరు చుక్కల బ్రెయిలీలో తెలుగు 'క'కు ఒకటో చుక్క, మూడో చుక్క. ఇంగ్లిష్ 'కె'కూ అవే. ల-ఎల్, మ-ఎం, న-ఎన్ కూడా ఇలాగే కలుస్తాయి. చూపున్నవాళ్లు రెండేసి ఆకారాలు దిద్దాల్సిన చోట ఆమెకు ఒక్కటే చాలు. ఇంగ్లిష్ అక్షరాల దగ్గర ఆమె ఓ అడుగు ముందే ఉందని ఎంతమంది టీచర్లకు తెలుసు?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. చదవడం, రాయడంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులనూ చేర్చింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల మినహాయింపు వంటివి అందులో ఉన్నాయి. మినహాయింపు అవసరమైన పిల్లలు ఉంటారు. కానీ సైన్సు పాఠమే ఇంగ్లిష్‌లో ఉన్న బడిలో, నేర్పకముందే మినహాయిస్తే తేలికపడేది టీచరే.

సహాయకుడి విషయమూ అంతే. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగిసి కలం పట్టలేని పిల్లవాడికి పరీక్షనాడు మనిషిని ఇస్తే సరిపోదు. వాక్యం నోటితో కూర్చి చెప్పడం, రాసింది చదివించుకుని మార్పించడం జూన్ నుంచే తరగతిలో సాగాలి. వారానికో పూట అందరిచేతా అలా చెప్పిస్తే తండా పిల్లకూ, వలస వెళ్లొచ్చిన పిల్లవాడికీ ఇంగ్లిష్ వాక్యం ముందు నోటికొస్తుంది, ఆ తర్వాతే చేతికి.