ముఖము, ముంగిలి, మూగజీవి

(ఒక గ్రామ గ్రంథాలయ వార్షికోత్సవ సభలో ఒక ఛాయాచిత్రకారుడు చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలలో పండితులు మాట్లాడుట పరిపాటి. నేను పండితుడను కాను. మండల కేంద్రమున చిన్న స్టూడియో పెట్టుకొని, ముప్పది ఏండ్లుగా మనుష్యుల ముఖములను చిత్రించుచు జీవించుచున్నవాడను. మీరు పుస్తకములను చదివినంత శ్రద్ధతో నేను చదివినవి ముఖములే. ఆ చదువు వలన నాకు బోధపడిన ఒక్క విషయమును మాత్రము మీ యెదుట మనవి చేసెదను. మనిషి ముఖము ఆ మనిషి ఒక్కనిదే కాదు. అందులో కొంత ఇరుగుపొరుగువారిది. కొంత ఆ ఇంటి ముంగిట తిరుగు మూగజీవిది. వారు దూరమైనచో ముఖము వాడును. ముఖము వాడినచోట ఆరోగ్యము చిరకాలము నిలువదు.

మా వృత్తి చరిత్రలోనే ఇందుకు కొంత సాక్ష్యము కలదు. 1839లో ఫ్రాన్సు దేశమున డాగెరు కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడి యైనప్పుడు, ఒక్క చిత్రమునకు నిమిషముల కొలది వెలుగు కావలసియుండెను. మనుష్యులు అంతసేపు కదలక కూర్చుండుటకై తల వెనుక ఇనుప ఊతను నిలుపుచుండిరి. ఆ కాలపు చిత్రములలోని పెద్దమనుష్యులు కొయ్యబారినట్లు కనిపించుటకు అది యొక కారణము. కుక్కలు కదలక మానవు గనుక అవి చిత్రములలో పొగ మరకలవలె పడుచుండెను. నేడు మంచి వెలుతురున్నచో సెకనులో 125వ వంతు కాలము చాలును. కెమెరా ఇంత వేగము నేర్చినది. కాని కొత్తచోట కూర్చున్న మనిషి ముఖము విచ్చుకొనుటకు పట్టు కాలము మాత్రము ఏమియు తగ్గలేదు.

ఈ రహస్యమును మన ప్రాంతమున ఎన్నడో గ్రహించిన మహనీయుడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరటు సమీపమున ఉన్న సర్ధనలో జన్మించెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, 1905లో కీర్తిశేషుడయ్యెను. పరపురుషుల యెదుటికి రాని స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ఆయన ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరిపించెను. దాని నిర్వహణ బాధ్యత ఒక స్త్రీకే అప్పగించెను. మనిషి ఎచ్చట బెదరక కూర్చుండగలడో అచ్చటికే కెమెరా పోవలెనని ఇందలి నీతి.

ఇక నా స్టూడియోకు వచ్చువారిని గూర్చి చెప్పెదను. దరఖాస్తులకు, కార్డులకు చిన్న ఫోటోలు తీయించుకొనువారు ఒక తెగ. పెండ్లిండ్లకు, పుట్టినరోజులకు పిలుచువారు మరియొక తెగ. మూడవ తెగవారు గుమ్మము దగ్గర నిలిచి మెల్లగా మాట్లాడుదురు. వారి చేతిలో ఒక ఆధార్ కార్డో, పాత రేషను కార్డో ఉండును. "నాన్నగారి ఫోటో ఇదొక్కటే ఉందండీ. దండ వేయడానికి పెద్దది చేసి ఇవ్వాలి. పదో రోజుకి అందాలి" అని అడుగుదురు. గోరంత చిత్రమును గోడకు తగినంత చేసి ఇచ్చుట నా వృత్తిధర్మము. కాని అది అధికారి గుర్తుపట్టుటకై తీసిన చిత్రము. మనుమలు తలచుకొనుటకై తీసినది కాదు. అందు ఆ పెద్దమనిషి నవ్వు లేదు, ఆయన అరుగు లేదు, పక్కన నిలిచిన ఎద్దు లేదు. అరువది ఏండ్లు ఊరితో కలిసి బ్రతికినవాడు గోడపై ఒంటరిగా నిలిచిపోవును.

నేడు ఫోను లేని ఇల్లు అరుదు, ఫోటోలకేమి కొదవ యని మీరు అడుగవచ్చును. ఫోనులో పిల్లల చిత్రములు వేలుండును. తాతయ్య వాటిలో ఏదో ఒక మూల సగము కనిపించును. ఆ ఫోను నీటబడినను, పోయినను, వేరుచోట దాచుకొనని చిత్రములు దానితోనే పోవును. కాబట్టి పెద్దలు కన్నులయెదుట ఉండగనే, వారికి ఇష్టమైన చోట, ఇష్టమైన జీవితో కూర్చుండబెట్టి ఒక మంచి చిత్రము తీసి కాగితముపై అచ్చు వేయించి ఉంచుకొనుడని నా మనవి. ఇది స్టూడియో వ్యాపారము కొరకు చెప్పుమాట కాదు. మీ ఇంటి పిల్లవాడు తన ఫోనుతో తీసినను చాలును.

ఇట్టి చిత్రము ఒక్కొక్కప్పుడు తలపని మేలు చేయును. ఒక ఊరిలో పింఛను పనికై పెద్దల ఫోటోలు తీయుచుండగా ఒక అవ్వ వచ్చినది. కుమారు లిద్దరు దూర దేశమున పనిలో ఉన్నారు. ఆమె కుర్చీలో బిగుసుకొని కూర్చున్నది. ఎంత చెప్పినను ముఖము విప్పలేదు. ఇంతలో ఒక ఎర్రకుక్క వచ్చి ఆమె పాదముల మీద తల పెట్టి పడుకొన్నది. "దీన్ని కూడా తియ్యి నాయనా, ఇది నాతో పాటు కూడు తినేదే" అని అవ్వ నవ్వినది. ఆ నవ్వును తీసి, పెద్దదిగా చేసి చూచునప్పుడు, ఆమె కుడికంటి పాప తెల్లబారియుండుట నాకు స్పష్టముగా కనిపించినది. అది శుక్లము కావచ్చునని, కంటి వైద్యునికి చూపవలెనని చెప్పితిని.

"తెలుసు నాయనా. డాక్టరు ఆపరేషను చేస్తానన్నాడు. నేను పోతే దీనికి కూడు ఎవరు పెడతారు? ఇంకొకరి చేత్తో పెడితే ఇది ముట్టదు" అని ఆమె బదులు చెప్పినది.

మీలో కొందరు నవ్వుచున్నారు. కాని ఇట్టి సమాధానము ప్రతి ఊరిలోను వినిపించునదే. గేదెకు పాలు పితుకువారు లేరని ఒకరు, మేకపిల్లలను కట్టివేయువారు లేరని మరొకరు తమ వైద్యమును నెలల తరబడి వాయిదా వేయుదురు. మహాప్రస్థానమున కడదాక వెంట నడచిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు పలికినాడు. ఆయనకు సమాధానము దేవతలు చెప్పిరి. కుక్కను విడిచి ఆసుపత్రికి రానన్న అవ్వకు సమాధానము చెప్పవలసినవారు మాత్రము ఆ వీధివారే.

ఆ వీధివారు చెప్పినారు. ఎదురింటి బాలిక వారము దినములు అవ్వ పక్కనే కూర్చుండి, ఇద్దరి చేతులతోను కుక్కకు కూడు పెట్టినది. ఎనిమిదవ నాటికి కుక్క బాలిక చేతి ముద్దను కూడ తిన్నది. పక్కింటి కోడలు అవ్వను ఆసుపత్రికి తీసికొనిపోయినది. శుక్లము తీసిన పిమ్మట తరచుగా అదే దినమున ఇంటికి పంపివేయుదురు. కాని కొన్ని వారములు వేళకు చుక్కల మందు వేయవలెను. కంటికి దుమ్ము, పొగ, మురికినీరు తగులరాదు, బరువు లెత్తరాదు. ఆ దినములలో ఒకరు వంట చేసిపెట్టిరి, ఒకరు మందు వేసిరి, బాలిక కుక్కను తమ ఇంటి పంచన కట్టుకొన్నది. వీరిలో ఎవ్వరును ధనవంతులు కారు. వీరు ఖర్చుచేసినది దినమునకు ఒక గంట కాలము మాత్రమే.

ఈ విషయమును నేడు శాస్త్రజ్ఞులును ధ్రువపరచుచున్నారు. ప్రపంచములో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముచే బాధపడుచున్నారనియు, దానితో ముడిపడిన మరణములు ఏటేట 8,71,000కు పైగా ఉండుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘము 2025లో అంచనా వేసినది. కుక్కయు, దానిని పెంచు మనిషియు ఒకరి కన్నులలోనికి ఒకరు చూచుకొన్నప్పుడు, తల్లీబిడ్డల మమకారమునకు తోడ్పడు ఆక్సిటోసిన్ అను ద్రవ్యము ఇరువురిలోను హెచ్చునని జపాను పరిశోధకులు 2015లో ప్రకటించిరి. అవ్వ ముఖము ఎందుకు విచ్చుకొన్నదో ఇందువలన కొంత తెలియుచున్నది. అయితే కుక్క ఒక్కటియే చాలదు. కుక్కకు కూడు పెట్టుటకు అవ్వ తెల్లవారి లేచును; దానితో వీధిలోనికి వచ్చును; వీధివారు పలుకరింతురు. మూగజీవి మనిషిని ఊరి దగ్గరకు చేర్చు వంతెన. వంతెనకు ఆవలి ఒడ్డున ఊరు ఉండవలెను గదా.

ప్రేమ ఉన్నచోట బాధ్యతయు ఉండవలెను. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగనే రేబిస్ టీకా వేయించి, పిదప పశువైద్యుడు చెప్పినట్లు ఏటేట వేయించుచుండవలెను. ఏ కుక్క కరచినను, గీరినను, గాయమును వెంటనే సబ్బుతోను ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. కారము, సున్నము, ఆకుపసరులు పూయరాదు. లక్షణములు పొడసూపిన పిమ్మట ఈ వ్యాధినుండి బ్రతికి బయటపడుట దాదాపు అసాధ్యము. వేళకు టీకా పడినచో దానిని నివారింపవచ్చును. 1885లో పాశ్చరు మహాశయుడు కరువబడిన ఒక బాలునికి మొదటిసారిగా ఈ టీకా వేసి లోకమునకు ధైర్యము చెప్పెను. ఆయన వర్ధంతి యైన సెప్టెంబరు 28వ తేదీని ప్రపంచ రేబిస్ దినముగా పాటించుచున్నారు. మన ఊరిలో ఆనాడు పశువైద్యుని పిలిపించి వీధికుక్కలతో సహా అన్నింటికిని టీకాలు వేయించుట మంచిది.

మరియొక మాట. పంజరములోని రామచిలుకతో ఫోటో తీయుమని కొందరు వచ్చుచుందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము చిలుకను పట్టి పెంచుట నేరము. దానిని చెట్టు మీద చూచి ఆనందింతము. ముంగిట ఒక మట్టిమూకుడులో నీరు పోసి ఉంచినచో వేసవిలో పిచ్చుకలు, పిట్టలు వాటంతట అవియే వచ్చును. జంతువును పెంచు ఓపిక లేని పెద్దలకు ఇది తగిన వ్యాపకము.

ఇక నా వంటి వృత్తులవారిని గూర్చి కొంచెము. పూర్వము చీకటి గదిలో ఎర్ర దీపము క్రింద పనిచేసితిమి. నేడు కంప్యూటరు యెదుట గంటల తరబడి కూర్చుండుచున్నాము. ప్రతి ఇరువది నిమిషములకు ఒకసారి ఇరువది అడుగుల దూరము ఇరువది సెకనులు చూచినచో కన్నులకు విశ్రాంతి కలుగునని వైద్యులు చెప్పుదురు. నేను గుమ్మములోనికి వచ్చి వీధి చివరనున్న వేపచెట్టును చూతును. ఆ చూపులో ఎవరో ఒకరు పలుకరింతురు. కంటికి విశ్రాంతియు, మనస్సునకు మాటయు ఒక్కసారే లభించును. సాయంకాలము తలుపు వేసిన పిమ్మట ఊరి చెరువు దాక నడచి, దారిలో నలుగురితో మాట్లాడుట నాకు చాల కాలముగా అలవాటు. ఆరోగ్యమునకు ఇది చాలునని అనను. ఇది లేక చాలదని మాత్రము అనగలను.

సోదరులారా, ఈ గ్రంథాలయము ద్వారా మూడు పనులు చేయవలెనని కోరుచున్నాను.

మొదటిది: కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి అలంకరించుట మనకు ఆచారము. ఆనాడే ప్రతి ఇంటి పెద్దను తమ పశువుతోగాని, కుక్కతోగాని, పొరుగువారితోగాని నిలిపి ఒక చిత్రము తీయుడు. దానిని అచ్చు వేయించి, వెనుకవైపు పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఫ్రేములో అద్దమునకు చిత్రము అంటుకొనకుండ నడుమ అట్ట పెట్టించుడు. ఎండ పడు గోడకు, చెమ్మ గోడకు తగిలింపకుడు. ఒక ప్రతిని గ్రంథాలయమున దాచుడు. యాబది ఏండ్లకు అది ఊరి చరిత్ర యగును.

రెండవది: ఒంటరిగా నున్న పెద్దల పట్టిక ఒకటి తయారుచేయుడు. ప్రతి పేరునకు ఎదురుగా, "వీరు ఆసుపత్రికి పోయినచో వీరి జంతువును చూచువారు" అని మరియొక పేరు వ్రాయుడు. ఆ రెండవ పేరు ఖాళీగా ఉండరాదు.

మూడవది: ఆ పట్టిక క్రింద ఈ నంబర్లు పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటించుడు. వృద్ధుల సహాయమునకు 14567. మనోవేదనలో ఉన్నవారు మాట్లాడుటకు టెలీ మానస్ 14416. పశువులకు జబ్బు చేసినచో సంచార వైద్యమునకు 1962.

నోరు మంచిదైన ఊరు మంచిదని మన పెద్దల సామెత. పలుకరించు నోరు ఉన్న ఊరిలో ముఖములు వాడవు. వచ్చే కనుమకు మీరు పిలిచినచో కెమెరా పట్టుకొని నేను తప్పక వత్తును. కూలి ఇవ్వనక్కరలేదు. పట్టికలో రెండవ పేర్లు అన్నియు నిండియున్నవని నాకు చూపినచో చాలును.