ఊరి చెట్టు - ఊరి చేతిపని
(గచ్చిబౌలిలో గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మీరు నేడు సమావేశమైన ఈ గచ్చిబౌలి పేరులోనే ఒక బావి యున్నది. గచ్చు కట్టిన బావి యని ఆ పేరునకు అర్థము. ఇది 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో చేరినది. దానికి ముందు శేరిలింగంపల్లి పురపాలకములో నుండెను. అంతకు పూర్వము ఇదియు మీ గ్రామములవంటి గ్రామమే. నేడిచ్చట ఆకాశమునంటు మేడలు, వాటిలో వేలకొలది ఉద్యోగులు ఉన్నారు. ఇచ్చటికి సమీపముననే, మాదాపురములో, చేతిపనివారి సరకులకై నెలకొల్పిన శిల్పారామము కలదు. అటువంటి అంగళ్ళలో కొయ్యబొమ్మ కొనువారు దాని రూపును చూతురు, రంగును చూతురు, ధర నడుగుదురు. ఇది ఏ చెట్టు కొయ్య యని అడుగువారు మాత్రము అరుదు.

ఆ అడుగని ప్రశ్నను గూర్చియే మేము నేడు మీతో మాటలాడదలచినాము. ఏలయన దానికి సమాధానము ఈ నగరపు అంగళ్ళలో లేదు. అది మీ ఊరి గుట్టమీద, మీ పొలము గట్టున, మీ పంచాయతీ నర్సరీలో నున్నది.

డిపోలో విలువలేని చెట్లు

కలప యనగానే మనకు టేకు, నల్లమద్ది, వేగి జ్ఞప్తికి వచ్చును. దూలమునకు, ద్వారబంధమునకు, నాగలికి, బండికి పనికివచ్చునా యని చూచి మన పెద్దలు కొయ్యకు విలువ కట్టినారు. అది సమంజసమే. కాని బొమ్మలు చేయువానికి దూలముతో పనిలేదు. అతనికి మూరెడు కొయ్య చాలును. ఆ కొయ్య తేలికగా నుండవలెను, ముడులు లేకుండవలెను, ఉలికి ఎదురు తిరుగక, ఏ వైపున చెక్కినను నునుపుగా రావలెను, ఆరినపుడు పగులరాదు, రంగు చక్కగా పట్టవలెను.

ఈ గుణములు గల చెట్లు మన అడవులలో కలవు. అయితే ద్వారబంధమునకు పనికిరాని మెత్తదనమే బొమ్మకు వన్నె తెచ్చును గనుక, అవి కలప డిపోలో విలువ లేనివయ్యెను. విలువ లేని చెట్టును ఎవరును నాటరు, ఎవరును కాపాడరు, పొయ్యిలోనికి నరుకుటకు వెనుదీయరు. చేతిపనికి మూలాధారమైన చెట్లకు ఈ విధముగా అడవిలో ఆదరణ లేకపోయెను.

పొనికి

మొదట పొనికిని చెప్పుకొనవలెను. కొన్ని చోట్ల దీనిని పునికి యనియు, తెల్ల పొనికి యనియు అందురు. ఇది ఆముదపు చెట్టు కుటుంబమునకు చెందినది. వాన తక్కువైన రాతి గుట్టల వాలులందు పెరుగును. ఆకుల అడుగు భాగమున తెల్లని నూగు కనబడును. కొయ్య తెలుపు, మిక్కిలి తేలిక. సముద్రపు ఒడ్డున జాలరులు తెప్పలకు సైతము దీనిని వాడినారనిన, ఎంతటి తేలికయో మీరే ఊహింపవచ్చును.

మన నిర్మల్ బొమ్మలకు ఈ పొనికియే ఆధారము. పండ్లు, కాయలు, పక్షులు, జంతువులు మొదలగు వానిని నిర్మల్ నకాషీ పనివారు నిజమైనవా యనిపించునట్లు చేయుదురు. అచ్చటి పనివారి సహకార సంఘము 1955 నుండియు నున్నది. పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో, నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలోని కొండపల్లి బొమ్మలకును ఇదే కొయ్య. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు నెక్కు గీత పనివాడు, దశావతారములు - సంక్రాంతి బొమ్మల కొలువున మీ ఇండ్లలో చూచియే యుందురు.

కొండపల్లి పనివాడు మొదట కొయ్యను మెల్లగా వేడిచేసి అందలి తేమను పోగొట్టును. తల, చేతులు, కాళ్ళు వేరువేరుగా చెక్కును. చింతగింజల పొడిని, రంపపు పొట్టును కలిపి మక్కు చేసి, దానితో అంగములను అతికించును. పైన సున్నము పూత పూసి, ఆరిన పిమ్మట రంగులు వేయును. ఇందు చింతగింజ ఊరిది, రంపపు పొట్టు తన పనిలో మిగిలినది, సున్నము అంగడిది. ఇవి దొరకనని భయము లేదు. దొరకనిది పొనికి ఒక్కటే. దగ్గరి గుట్టలపై చెట్లు తరిగిన కొలది దూరమునుండి తెచ్చుకొనవలసి వచ్చుచున్నది. కొయ్య ఖరీదు పెరిగినంతగా బొమ్మ ఖరీదు పెరుగదు. ఆ తేడా పనివాని కూలిలోనుండి తగ్గును. కూలి గిట్టని ఇంటిలో తండ్రి ఉలిని కొడుకు పట్టుకొనడు. ఒక చెట్టు తరుగుటకును, ఒక విద్య అంతరించుటకును గల సంబంధమిది.

పొనికిని నాటుటలో ఒక చిక్కు కలదు. దాని గింజ పెంకు మిక్కిలి గట్టిది. గింజ బహుకాలము నిద్రావస్థలో నుండును. చల్లినంత మాత్రమున మొలవదు. ఈ చిక్కును విడదీయుటకు జరిగిన కృషిలో ఈ గచ్చిబౌలికే భాగమున్నది. 1974లో స్థాపితమై ఇచ్చట నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు, ఇతర శాస్త్రజ్ఞులతో కలిసి, పొనికి గింజలోని పిండమును వెలికితీసి ప్రయోగశాలలోని పాత్రలలో మొలకెత్తించి, మొక్కలను వృద్ధిచేయు పద్ధతిని గూర్చి 2009లో ప్రకటించినారు. ప్రయోగశాలలో మొలచిన మొక్క గుట్టమీదికి చేరవలెనన్న, దానిని అడిగి తెచ్చుకొని, నాటి, కంచె వేయువారుండవలెను. ఆ పని శాస్త్రజ్ఞులది కాదు, గ్రామముది.

అంకుడు

రెండవది అంకుడు. దీనినే తెల్లపాల యనియు, పాల కొడిశ యనియు అందురు. ఆకు త్రుంచిన పాలు కారును. తెల్లని పూలు పూయును. సన్నని పొడవైన కాయలు జంటలుగా వ్రేలాడును. ఆకులనుండి నీలిరంగు సైతము వచ్చును. కొయ్య దంతమువలె తెల్లగా, సన్నని పోగుతో నుండి, తరిమెన మీద చక్కగా తిరుగును.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున గల ఏటికొప్పాక బొమ్మలు ఈ కొయ్యతో చేయుదురు. తరిమెన మీద తిరుగుచున్న కొయ్యకు లక్క కడ్డీని ఒత్తి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టును. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టుదురు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు మొదలగు ప్రకృతి సిద్ధమైన రంగులను లక్కలో కలుపు పద్ధతిని పునరుద్ధరించిన శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలతోడనే నడచినది. కర్ణాటకములోని చెన్నపట్టణము బొమ్మలకును ఈ చెట్టే ఆధారము. అచ్చటివారు దానిని ఆలె మర యందురు.

అంకుడు గ్రామమునకు అనువైన చెట్టు. బీద నేలలోను బ్రతుకును. నరికిన మోడు మరల చిగిర్చును. పైగా తరిమెన పనికి లావైన మ్రాను అక్కరలేదు, కొమ్మలే చాలును. కావున చెట్టును చంపక, వంతులవారీగా కొమ్మలు కొట్టుకొనుచు ఏండ్ల తరబడి కొయ్య పొందవచ్చును. అయితే ఒక హెచ్చరిక. కొడిశపాల యను మరియొక చెట్టు చూపునకు దీనిని పోలియుండును. కొన్ని చోట్ల పేర్లును కలిసిపోయినవి. కాయను చూచి పోల్చుకొనుడు. అంకుడు జంట కాయలు పచ్చిగా నున్నప్పుడు కొనవద్ద అతుకుకొని యుండును. కొడిశపాల కాయలు విడివిడిగా నుండును. నర్సరీకి విత్తనము సేకరించువారు ఈ భేదము నెరుగవలెను.

మరికొన్ని కొయ్యలు

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కు పనివారున్నారు. నర్ది, బిక్కి మొదలగు స్థానిక పేర్లు గల అడవి కొయ్యలు వారికి ఆధారము. దువ్వెనలకు పసుపు కడంబపు కొయ్య పేరుపొందినది. బొబ్బిలి వీణకు పనస కొయ్యను వాడుదురు. పనస పెరటి చెట్టే గనుక, పండు తిన్నవారికి చెట్టు ముదిరిన పిదప కొయ్యయు మిగులును. మీ ప్రాంతమున ఇట్టి కొయ్యలు మరికొన్ని యుండవచ్చును. వాటి పేర్లు పుస్తకములలో కంటె గొర్రెల కాపరులకు, వడ్రంగులకు, పెద్ద ముత్తైదువులకు బాగుగా తెలియును.

పేరునకు రక్షణ కలదు, చెట్టునకో?

1999లో భౌగోళిక గుర్తింపు చట్టము వచ్చినది. నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల పేర్లు దానిక్రింద నమోదైనవి. వేరొక చోట చేసిన సరకును ఆ పేరుతో అమ్మరాదు. ఇది సంతోషింపదగినదే. కాని ఆ చట్టము పేరును కాపాడునే గాని చెట్టును పెంచదు. ఎర్రచందనమును చూడుడు. దాని విలువ లోకమెరిగినది గనుక చెక్‌పోస్టులు, కాపలాలు, అంతర్జాతీయ వాణిజ్య నిబంధనలు ఏర్పడినవి. పొనికికి, అంకుడునకు అట్టి కాపలా లేదు. వాటికి కాపలా మీరే కావలెను.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, లెక్క. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను. ఊరి చెట్టుచేమల వివరములు ప్రజా జీవవైవిధ్య పట్టికలో వ్రాయవలెను. ఆ పట్టికలో పొనికి, అంకుడు ఎన్ని యున్నవో, ఏ గుట్టపై నున్నవో చేర్చుడు. విత్తనమునకై మంచి తల్లిచెట్లను గుర్తించి, వాటిని నరుకరాదని గ్రామసభలో తీర్మానింపుడు.

రెండవది, నర్సరీ. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామమున నర్సరీ యుండవలెనని, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని విధించినది. నర్సరీ ఉన్నది, మడులున్నవి, నీరు పోయు మనిషి యున్నాడు. క్రొత్త ఖర్చు స్వల్పము. ఆ మడులలో ఒకటి అంకుడుకు కేటాయింపుడు. పొనికి విషయమున అటవీశాఖ వారిని, విశ్వవిద్యాలయము వారిని సంప్రదింపుడు. మొక్కలు కావలెనని పంచాయతీ తీర్మానముతో వ్రాతమూలముగా అడుగుడు. అడుగువారు లేనిచో ఏ శాఖయు తనంతట తాను పెంచదు.

మూడవది, చోటు. పొనికిని రాతి గుట్టల వాలులందే నాటవలెను. నీరు నిలుచు నేల దానికి సరిపడదు. అంకుడును పొలము గట్లపై, బంజరులలో, దారుల ప్రక్కన నాటవచ్చును. ప్రతి గ్రామమునకును ఈ రెండును తగవు. మీ నేలను చూచి నిర్ణయింపుడు.

నాలుగవది, చట్టము. రక్షితారణ్యములో నరుకుటకు ఎవరికిని స్వేచ్ఛ లేదు. ఊరిలోని చెట్టు నరుకుటకును 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి కావలెను. కొయ్య రవాణాకు ముందు అటవీశాఖ వారి నడిగి తెలిసికొనుడు. చేతిపనివాడు అనుమతి పత్రము లేక కొయ్యతో పట్టుబడి బాధపడకుండ చూచుట పంచాయతీ ధర్మము.

ఐదవది, పనివారితో ఒప్పందము. కొయ్య చేతికి వచ్చిన నాడు దళారికి గంపగుత్తగా అమ్మకుడు. ఏ సహకార సంఘమునకు ఏ ధరకు ఇత్తుమో ముందే మాటలాడుకొనుడు. కొట్టిన కొయ్యను ఎండలో వేయరాదు, పగులును. కొనలకు పేడ గాని మైనము గాని పూసి నీడలో ఆరవేయవలెను. ఆరిన కొయ్యకు పచ్చి కొయ్యకంటె మంచి ధర పలుకును. ఆ అదనపు రాబడి గ్రామమునకు దక్కవలెను.

ఇది నేడు నాటి రేపు కోయు పంట కాదు కదా యని మీలో కొందరు అనవచ్చును. నిజమే. పంచాయతీ పదవీకాలము ఐదేండ్లు. పొనికి మ్రానుకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. నాటిన సభ్యుడు దాని కొయ్యను అమ్ముట చూడకపోవచ్చును. కాని మన చింతతోపులను, మామిడి తోటలను నాటిన పెద్దలు పదవీకాలము లెక్కించి నాటలేదు. వాటి నీడన మనమింకను కూర్చుండుచున్నాము. అంకుడు కొమ్మ మాత్రము అంతకు ముందుగనే చేతికి వచ్చును, దానితో మొదలిడుడు.

గ్రామము నగరమునకు ధాన్యము నిచ్చుచున్నది, పాలు నిచ్చుచున్నది, కూరగాయల నిచ్చుచున్నది. నగరపు ఇండ్లలోని బిడ్డలు ఆడుకొను బొమ్మ కూడ మన గుట్టమీది చెట్టునుండియే రావలెను. దాని కూలి మన పనివానికే చేరవలెను. మీరు ఊరికి తిరిగి వెళ్ళిన పిదప జరుగు మొదటి గ్రామసభలో ఈ రెండు చెట్ల పేర్లను ప్రస్తావింపుడని, రానున్న వానకాలమున ఒక్క మడియైనను వాటికై వేయుడని మిమ్ములను కోరుచున్నాము.