పాత మోటారు సైకిలు, క్రొత్త మార్పులు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావింపబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో మోటారు సైకిలును గూర్చిన ప్రసంగమేమని కొందరికి తోపవచ్చును. కాని తెలియని విషయమును ఊహతో గాక పరీక్షతో తెలిసికొనుటయే విద్య యైనచో, కదలక మొరాయించిన బండియు ఒక పుస్తకమే. దానిని మొదటినుండి వరుసగా చదివినవానికే అర్థమగును.

ఇందులకు ఉదాహరణముగా ప్లాటినం పాయింట్లు గల పాత బుల్లెట్ బండిని గైకొనుట యుక్తము. ఆ పేరు గల బండి 1932లో ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టినది. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన పిమ్మట, ఈ దేశపు పల్లెబాటలకు అది సుపరిచితమైనది. నేటికిని పెక్కు ఇండ్లలో తాతలనాటి బుల్లెట్లు ఉన్నవి. వానిని బాగుచేయించి రంగులు వేయించి నడుపు ఉత్సాహము యువకులలో మెండుగా కలదు. చిక్కంతయు ఆ బాగుచేయించిన పిమ్మటనే మొదలగుచుండును.

ఒక రైతు కుటుంబమును ఊహింపుడు. తండ్రి వాడిన బుల్లెట్ కొన్నేండ్లు పశువుల కొట్టములో పడియుండెను. కుమారుడు దానిని వెలికి తీసి చాసిస్‌కు దళసరి రంగు వేయించెను. హెడ్‌లైటునకు 60 వాట్ల బల్బు పెట్టించి, అది బ్యాటరీనుండి వెలుగునట్లు వైరింగు మార్పించెను. బ్యాటరీని వేరొక చోటికి జరిపించి, చాలని తీగలకు ముక్కలు మెలిపెట్టి అతికించిరి. బండి చూచుటకు పెండ్లికొడుకువలె నుండెను. ఉదయమున స్టార్టగుచుండెను, రాత్రి తిరిగివచ్చిన పిమ్మట మాత్రము మొరాయించుచుండెను. ఒకనాటి రాత్రి తల్లికి ఆయాసము హెచ్చెను. కుమారుడు ఇరువది మారులు కిక్కు కొట్టినను బండి పలుకలేదు. పొరుగువారి ఆటోను లేపి తెచ్చుటలో అరగంట గడచెను. ఆమె కోలుకొనెను గాని, ఆ అరగంటను కుమారుడు మరువలేదు.

మరునాటినుండి అతడు వరుసగా క్రొత్త బ్యాటరీ, క్రొత్త కాయిల్, క్రొత్త ప్లగ్గు కొనెను. సొమ్ము వ్యయమైనది; రోగము పోలేదు. తుదకు ఒక వృద్ధ మెకానిక్కు అతనిని అడిగిన ప్రశ్న ఇది: “బాబూ, బండి బాగుగా నడచిన నాటికిని నేటికిని నడుమ ఏమేమి మార్చితివి?” ఈ ప్రసంగమంతయు ఆ ఒక్క ప్రశ్నకు వ్యాఖ్యానమే. మార్పు జరిగిన పిమ్మట వచ్చిన లోపమును, ముందుగా చేయి తగిలిన చోటనే వెదకవలెను.

బండిలో నిప్పురవ్వ పుట్టు విధము తెలిసినగాని వెదకుట సాధ్యము కాదు. బ్యాటరీనుండి కరెంటు ఫ్యూజు, స్విచ్చుల మీదుగా కాయిల్‌లోనికి పోయి, పాయింట్ల ద్వారా ఇంజను శరీరమును చేరి, ఎర్త్ మార్గమున మరల బ్యాటరీకి వచ్చును. పాయింట్లు మూసియున్నంతసేపు కాయిల్‌లో అయస్కాంతశక్తి కూడును. అవి తెరచుకొన్న క్షణమున ఆ శక్తి వేల వోల్టులై ప్లగ్గు సందున రవ్వగా దూకును. పోవు దారి యెంత ముఖ్యమో, తిరిగివచ్చు దారియు అంతే ముఖ్యము. సామాన్యముగా జనులు మొదటి దారిని చూతురు, రెండవదానిని మరతురు.

పరీక్షకు మొదటి సాధనము బండిమీదనే కలదు. అది హెడ్‌లైటు గూటిపైనుండు ఆంప్ మీటరు. దీపము లార్పి, తాళము వేసి, కిక్కును చేతితో మెల్లగా నొక్కవలెను. పాయింట్లు మూసినపుడు ముల్లు ఎడమకు మూడు నాలుగు ఆంపియర్లు వాలి, తెరచినపుడు నడుమకు రావలెను. ముల్లు కదలనే కదలనిచో కరెంటు దారి ఎచ్చటనో తెగినది. లేదా పాయింట్ల ముఖములు మసిబారినవి. ఎడమకు వాలి మరల రానిచో పాయింట్లు తెరచుకొనుట లేదు. లేదా కండెన్సరో, ఒరసిన తీగయో నేరుగా ఎర్త్ అగుచున్నది. ముల్లు సక్రమముగా ఆడుచున్నను రవ్వ లేనిచో కాయిల్, కండెన్సరు, ప్లగ్గు తీగ, టోపీలలో లోపము వెదకవలెను. పాయింట్ల సందు 0.35 నుండి 0.40 మి.మీ. ఉండవలెను.

ముల్లు ఆడుచు రవ్వ బలహీనముగా నున్న సందర్భమే మిక్కిలి మోసకరమైనది. పై కుటుంబపు బండికి కలిగినది అదియే. 1827లో జర్మను శాస్త్రజ్ఞుడు ఓమ్ ప్రకటించిన సూత్రము ఇచట అక్కరకు వచ్చును. కాయిల్ నిరోధము 3 ఓములనుకొనిన, 12 వోల్టుల బ్యాటరీనుండి 4 ఆంపియర్లు పారును. ఎర్త్ బోల్టు క్రింద రంగు పొర చేరి మరియొక ఓము నిరోధము కల్పించెననుకొనుడు. అపుడు మొత్తము 4 ఓములు. పారునది 3 ఆంపియర్లే. కాయిల్‌కు 9 వోల్టులే అందును. కాయిల్‌లో కూడు శక్తి కరెంటు యొక్క వర్గమునుబట్టి యుండును గనుక, అది 16 పాళ్లనుండి 9 పాళ్లకు, అనగా సగమునకు కొంచెము పైకి, పడిపోవును.

ఇట్టి లోపమును చిన్న టెస్టు బల్బు పట్టజాలదు. 3 వాట్ల బల్బునకు పావు ఆంపియరు చాలును. ఆ కొద్దిపాటి కరెంటునకు రంగు పొర అడ్డు కాదు. బల్బు చక్కగా వెలుగును. చూచినవాడు “కరెంటు వచ్చుచున్నది” అని తృప్తిపడును. చుట్టము బలిమి పని పడినపుడే తెలియునట్లు, అతుకు యొక్క బలిమి బరువు మోసినపుడే తెలియును. కావున తాళము వేసి, పాయింట్లు మూసియున్న స్థితిలో, మల్టీమీటరుతో కొలువవలెను. ఒక పుల్లను బ్యాటరీ ఎర్త్ ధ్రువమునకును, మరియొకదానిని ఇంజను లోహమునకును తాకింపవలెను. అచట అర వోల్టునకు మించి కనబడినచో తిరుగుదారిలో లోపమున్నది. అట్లే బ్యాటరీ రెండవ ధ్రువమునకును కాయిల్ మొదటి కొనకును నడుమ కొలిచినచో పోవుదారి లోపము తెలియును. కాయిల్ వేడెక్కును గనుక తాళము ఎక్కువసేపు వేసియుంచరాదు. ఏ ధ్రువము ఎర్త్ అయినదో కంటితో చూచి నిర్ణయింపవలెను. పూర్వపు బ్రిటిషు బండ్లలో పెక్కింటికి ధన ధ్రువమునే చాసిస్‌కు కలిపెడివారు.

రెండవ లోపము దీపముది. 60 వాట్ల బల్బు 12 వోల్టులపై 5 ఆంపియర్లు త్రాగును. సంతబాటలో నెమ్మదిగా పోవునపుడు ఆల్టర్నేటరు అంత ఈయజాలక, బ్యాటరీ కరగిపోవును. నిండిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపును. 12కు దిగినచో అది చాల భాగము ఖాళీ అయినట్లే. ఉదయమున నిండు బ్యాటరీ బలముచే రంగు పొరను దాటి రవ్వ పుట్టుచుండెను. రాత్రి రెండు లోపములు కలిసి దానిని చంపుచుండెను. క్రొత్త బ్యాటరీయు అందుచేతనే రక్షింపలేకపోయినది.

చికిత్సకు పెద్ద ఖర్చు లేదు. బోల్టు క్రింది రంగును తెల్లని లోహము కనబడువరకు గీకి, బ్యాటరీ ఎర్త్ ధ్రువమునుండి నేరుగా ఇంజనునకు ఒక లావు తీగ బిగించి, పైన వాసెలిన్ పూయవలెను. మెలిపెట్టిన అతుకులను విప్పి సోల్డరింగు చేయింపవలెను. బల్బును ఆల్టర్నేటరు మోయగలంతటిదిగా మార్చవలెను. ప్లగ్గు రవ్వను పరీక్షించునపుడు పెట్రోలును, దాని ఆవిరిని దూరముగా నుంచుట మరువరాదు.

సభ్యులారా! బండికి మార్పులు చేయుట దోషము కాదు. ఒకేసారి మూడు మార్పులు చేసి, ఏ యొక్కటియు వ్రాసి పెట్టుకొనకుండుట దోషము. ఒక మార్పు చేయుడు. నాలుగు దినములు నడుపుడు. పిమ్మట రెండవదానికి పూనుకొనుడు. ఏ తీగ ఎచటినుండి ఎచటికి పోయినదో, దాని రంగేమో కాగితముపై గీయుడు. ఈ గ్రంథాలయమున ఒక బీరువా అరలో గ్రామములోని బండ్ల, పంపుసెట్ల వైరింగు పటములును, మరమ్మతుల చిట్టాయు భద్రపరచినచో, ఒకరు ధనము పోగొట్టుకొని నేర్చినది పదిమందికి ఉచితముగా అందును. అర్ధరాత్రి ఎవరి యింటనైన ఆపద కలిగినపుడు మొదటి కిక్కునకే బండి పలికినచో, ఆ అరకు అంతకు మించిన సార్థకత యుండదు.

స్వస్తి.