పిచ్చుకలకు పిడికెడు గింజలు

కోతల కాలము దగ్గరపడినదనగా మా గోదావరి పల్లెలలో పెద్దలు తప్పక చేసెడి పని యొకటి యుండెడిది. చేను పూర్తిగా పండకమునుపే, గడ్డిలో ఇంకను కొంత మెత్తదనము మిగిలియుండగానే, గట్టు వారనున్న కంకులను నాలుగు పిడికిళ్లు కోసి తెచ్చి, జడ యల్లినట్లుగా అల్లి, గింజలన్నియు వెలుపలికి వచ్చునట్లు కుచ్చు కట్టెడివారు. ఆ కుచ్చు ఇంటి ముందు చూరునకో, ఆలయ మండపపు దూలమునకో వ్రేలాడుచుండెడిది. పిచ్చుకలు దానిపై వ్రాలి, తలక్రిందులుగా వ్రేలాడుచు, గింజ నొలిచి తినుచుండెడివి. ఊక రాలి అరుగుమీద కూర్చున్నవారి తలపై పడుచుండెడిది. వారు దులుపుకొనుటయే కాని విసుగుకొనుట నేను చూడలేదు.

నేడు పట్టణములలో కూడ పక్షులకు గింజలు పెట్టువారు కలరు. 2010వ సంవత్సరము నుండి మార్చి 20వ తేదీన ప్రపంచమంతట పిచ్చుకల దినము జరుపుచున్నారు. 2012లో ఢిల్లీ ప్రభుత్వము పిచ్చుకను తన రాష్ట్రపక్షిగా ప్రకటించినది. ఇవన్నియు సంతోషింపదగిన విషయములే. కాని ఉత్సాహముతో మొదలుపెట్టినవారిలో కొందరు కొలది మాసములకే విరమించుకొనుచున్నారు. కారణ మడిగినచో వారు చెప్పు మాట యొక్కటే: "పిచ్చుకల కొరకు పెట్టితిమి. పిచ్చుకలు తప్ప తక్కినవన్నియు వచ్చినవి." పగలు ఉడుతలు వచ్చి గిన్నెలు బోర్లించినవట, పావురములు వచ్చి మేడ పాడుచేసినవట, రాత్రివేళ ఎలుకలును, పందికొక్కులును వచ్చినవట.

నేనును ఈ అనుభవము పొందినవాడనే. దానిని దాచక చెప్పినగాని, తరువాత నేను చెప్పబోవు మాటలకు విలువ యుండదు.

2009వ సంవత్సరమున మా పెరటిలో ప్రతి ఉదయమును మానెడు నూకలు నేలపై చల్లుచుంటిని. మానెడు పెట్టినచో పిడికెడు పెట్టినదానికంటె ఎక్కువ పుణ్యమని నా లెక్క. పక్షులు సగము తినెడివి, సగము మిగిలెడిది. నెల తిరుగకుండగనే నూతి గట్టు ప్రక్కన పందికొక్కు బొరియలు కనబడినవి. తులసికోట పునాది క్రింద మట్టి డొల్లయైనది. నాకు కోపము వచ్చినది. అంగడికి పోయి ఎలుకల మందు తెచ్చి, ఆ నూకలలోనే నూనెతో కలిపి, చీకటిపడిన పిమ్మట బొరియల యొద్ద పెట్టితిని. తెల్లవారకముందే మిగిలినదంతయు తీసివేయవలెనని అనుకొంటిని. కాని ఆనాడు మెలకువ రాలేదు. లేచి పెరటిలోనికి పోవునప్పటికి మల్లెపందిరి క్రింద మూడు పిచ్చుకలు చచ్చి పడియున్నవి.

ఎనుబది యేండ్లు దాటిన మా తల్లి వాటిని అరచేతిలోనికి తీసికొని, నా ముఖము చూడకయే, "ఎలుక కోసం పెట్టింది ఎలుకే తింటుందని ఎవరు చెప్పార్రా నీకు?" అన్నది. ఆ మాటకు నా యొద్ద సమాధానము లేదు. నేటికిని లేదు.

కాని ఆలోచింపగా ఒక సంగతి తెలిసినది. ఆ యింట జరిగిన మొదటి తప్పు విషము కాదు, మానెడు నూకలే. పందికొక్కు నా పెరటికి పిచ్చుకలను వెదకికొని రాలేదు, నన్ను పీడించుటకును రాలేదు. మిగిలిన గింజను వెదకికొని వచ్చినది. చీడ యని మనము పిలుచునది చాలవరకు మన మిగులునకు వచ్చిన అతిథియే. కనుక తెగుళ్లను తరుముటకు మొదటి యుపాయము బోను కాదు, మందు కాదు, మితము. పెట్టునది కొంచెముగాను, తగిన చోటను, తగిన వేళను పెట్టవలెను.

ఈ దృష్టితో చూచినప్పుడు మన పూర్వుల వరికుచ్చు ఎంత తెలివియైన సాధనమో తెలియును. పావురము నేలపై నడచుచు గింజ లేరుకొను పక్షి. వ్రేలాడు కంకిని పట్టుకొని నిలువజాలదు. కాకి వచ్చి వ్రాలినచో కుచ్చు ఊగిపోవును. దానికిని అచ్చట నిలకడ యుండదు. పిచ్చుక, జీనువాయి వంటి చిన్న పిట్టలు మాత్రము కంకిని కాళ్లతో బిగియబట్టి సుఖముగా తినగలవు. చిలుక కూడ రాగలదు. వచ్చి కంకినే త్రుంచుకొని పోవును. రానిండు, 2018 నుండి అది ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపక్షి గదా! అనగా కుచ్చు ఆహారము మాత్రమే కాదు. ఎవరు తినవలెనో, ఎవరు తినరాదో నిర్ణయించు జల్లెడ కూడ. నేలపై చల్లిన గింజకు ఈ వివేచన లేదు.

ఇక ఉడుత సంగతి. దక్షిణదేశపు ఉడుత వీపున మూడు చారలు కలవు. సేతువు కట్టునాడు శ్రీరాముని వ్రేళ్లు తగిలి ఆ చారలు ఏర్పడినవని మన వారి కథ. "ఉడుతాభక్తి" యను మాట మన భాషకు దానము చేసిన జంతువును శత్రువనుటకు నాకు నోరు రాదు. అయినను కుచ్చునకు అది చేరినచో పిచ్చుకలకు నిలువ నీడ యుండదు. దానికి హాని చేయక దూరముగా నుంచు మార్గములు కలవు.

ఉడుత త్రాటివెంట సునాయాసముగా దిగును. కనుక కుచ్చును త్రాటితో గాక సన్నని నున్నని తీగతో కట్టవలెను. ఆ తీగకు నడుమ ఒక పాత సత్తుపళ్లెమును రంధ్రము చేసి, గొడుగువలె బోర్లించి వదులుగా గ్రుచ్చవలెను. ఉడుత దానిపై కాలు మోపగానే పళ్లెము ప్రక్కకు ఒరుగును. అది వెనుకకు మరలును. ప్రక్క గోడ నుండి గాని, చెట్టుకొమ్మ నుండి గాని దుముకకుండ చుట్టును ఆరడుగుల యెడము ఉంచుట మంచిది. నేల నుండి ఎనిమిది అడుగుల యెత్తున కట్టినచో పిల్లి భయము కూడ తగ్గును. తీగకు కందెన పూయుట, జిగురు అట్టలు పెట్టుట మాత్రము పనికిరావు. కందెన బొచ్చునకును, ఈకలకును అంటి వదలదు. జిగురు అట్టకు ఎలుక, ఉడుత, పిచ్చుక యను భేదము లేదు. ఇంతచేసియు ఉడుతను ఉపవాసముంచనక్కరలేదు. పెరటి రెండవ మూల ఒక జామపండు ముక్క పెట్టుడు. తనకు సులభముగా దొరకు చోటు ఉన్నప్పుడు కష్టమైన చోటికి అది అంతగా రాదు.

పాశ్చాత్య దేశములలో ఉడుతలను వారించుటకు గింజలకు మిరపఘాటు పట్టించి అమ్ముదురు. ఇది వింతగా తోచును గాని ఇందు శాస్త్రము కలదు. మిరపలోని మంట క్షీరదములకు తగులును, పక్షులకు తగులదు. పండుమిరపకాయను కమ్మగా కొరుకు చిలుకను చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. పక్షి మిరపగింజను నలుగగొట్టక మ్రింగి దూరమున విసర్జించును. ఎలుక దానిని నమలి పాడుచేయును. కనుక మిరపమొక్క తన గింజను చల్లు పక్షిని రానిచ్చి, నాశనము చేయు జంతువును ఘాటుతో తరుముచున్నది. అయినను ఇంటి వారు కారపుపొడి చల్లుటకు పూనుకొనవలదు. గాలికి లేచి పక్షుల కన్నులలోను, మన పిల్లల కన్నులలోను పడును. తీగయు, పళ్లెమును చాలును.

పావురముల విషయము మాత్రము తీవ్రమైనది. వాటి రెట్ట ఎండి పొడియై గాలిలో కలిసినచో, దానిని చిరకాలము పీల్చిన కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడు వ్యాధి కలుగును. ముంబయి నగరమున పావురములకు గింజలు వేయు స్థలములను 2025లో మూయించగా, ఆ వివాదము ఉన్నతన్యాయస్థానము వరకు పోయినది. మేడ యిండ్లలో నివసించువారు వసారాలోను, కిటికీ గట్టులపైనను గింజలు కుప్పగా పోయకూడదు. మన పుణ్యము ప్రక్కయింటి వారి దగ్గు కారాదు.

ఎలుకలకు, పందికొక్కులకు రాత్రియే పగలు. కావున సూర్యాస్తమయమునకు ముందే రాలిన గింజలను, ఊకను ఊడ్చివేయవలెను. కుచ్చు క్రింద గచ్చు ఉన్నచో ఊడ్చుట తేలిక. గిన్నెలో నూకలు పెట్టువారు ఉదయము ఒక పిడికెడు పెట్టి, రెండు గంటలలో ఎంత తినునో చూచి, మరునాడు అంతయే పెట్టవలెను. ఎలుక చేరిన పెరటికి దాని వెంట పాము చేరుట పల్లెలలో ఎల్లరు నెరిగినదే.

గింజల విషయమునను జాగ్రత్త యుండవలెను. నూకలు, కొఱ్ఱలు, సజ్జలు మంచివి. బూజుపట్టినవి, ఉప్పు కలిపి వండినవి, నూనెలో వేచినవి పెట్టరాదు. విత్తనముల కొరకు మందు పట్టించి, రంగు వేసిన గింజలను ఎన్నటికిని పెట్టరాదు. అవి విషముతో సమానము. వానకు తడిసి ముక్కినచో కుచ్చును మార్చివేయవలెను.

వేసవిలో గింజకంటె నీరు ముఖ్యము. వెడల్పైన మట్టిమూకుడులో అంగుళము లోతున నీరు పోసి, నడుమ ఒక రాయి నుంచిన చిన్న పిట్టలు భయము లేక త్రాగును. కాని ఆ నీటిని దినదినమును పారబోసి, మూకుడు అంచులను పీచుతో తోమవలెను. డెంగీ జ్వరమును తెచ్చు దోమ నీటి అంచునంటి గ్రుడ్లు పెట్టును. వారము, పది దినములలో అవి దోమలై లేచును. ఈ యొక్క పని చేయ తీరిక లేనివారు నీరు పెట్టకుండుటయే మేలు.

మరియొక సంగతి. పిచ్చుక గింజలు తినును గాని, తన కూనలకు మొదట పురుగులనే తెచ్చి పెట్టును. చూరున కుచ్చు కట్టి, బీరపాదుపై పురుగుమందు చల్లినచో ఒక చేత పెట్టి మరియొక చేత లాగికొనినట్లగును. ఈ సత్యమును తెలియక ఒక మహాదేశమే నష్టపోయినది. 1958లో చైనా ప్రభుత్వము ధాన్యము తినుచున్నదను నెపముతో పిచ్చుకను నాలుగు చీడలలో చేర్చి, ప్రజలచే డప్పులు, పళ్లెములు మ్రోగించి, అవి ఎచ్చటను వ్రాలనీయక చంపించినది. పిచ్చుకలు పోగా పైరులపై పురుగులు పెచ్చుపెరిగినవి. 1960లో పిచ్చుక పేరు కొట్టివేసి, ఆ స్థానమున నల్లిని చేర్చిరి. ఏది చీడయో, ఏది చుట్టమో తీర్పు చెప్పుటకు తొందరపడరాదని దీనివలన తెలియుచున్నది.

దేశము మొత్తముమీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగానే యున్నదనియు, పెద్ద నగరములలో మాత్రము తగ్గుచున్నదనియు 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక తెలిపినది. కనుక నిరాశకు తావు లేదు. కాని మన యిండ్లు మారినవి. స్లాబు ఇంటికి చూరు లేదు. గూడు పెట్టుటకు దూలపు సందు లేదు. చేలలో కోతయంత్రము దిగినచో కుచ్చునకు కంకి దొరకదు. అయినను యంత్రము దిగుటకు ముందు గట్టు వార నాలుగు పిడికిళ్లు కొడవలితో కోసికొనుటకు ఎవరును అడ్డుచెప్పరు. స్లాబునకు ఒక కొక్కెము బిగించుట పెద్ద పని కాదు.

నేను చెప్పిన ఆ దుర్దినము తరువాత మా యింట నేలపై గింజలు చల్లుట మానితిమి. మందు మరల కొనలేదు. మిగులు లేకపోవుటతో కొన్ని వారములకు బొరియలు పాడుపడినవి. మరుసటి పంటకు మా తల్లి తన చేతులతోనే కుచ్చు అల్లినది. అది చూచుటకు చాల చిన్నదిగా తోచి, "ఇది చాలుతుందా అమ్మా?" అని అడిగితిని.

ఆమె ముడి బిగించుచు, "చాలకపోతే మళ్లీ కడదాం. మిగిలితే ఏం చేస్తావు?" అన్నది.