కాజీపేటలో ఒక రోజు ఆగండి

కాజీపేట అనగానే చాలామందికి రైళ్ల జంక్షనే గుర్తొస్తుంది. ఒక రోజు ఆగి, చుట్టుపక్కల ఊళ్లు చూడండి.

ఊళ్లోనే అఫ్జల్ బియాబానీ దర్గా ఉంది. అన్ని మతాలవారూ వస్తారు. పక్కనే మడికొండలో మెట్టుగుట్ట ఎక్కితే రామలింగేశ్వరుడి గుడి, బండలు పేర్చినట్టు నిలిచిన రాతి స్తంభాలు కనిపిస్తాయి. హనుమకొండలో కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఉంది.

అయినవోలులో కాకతీయ తోరణాల నడుమ మల్లన్న కొలువున్నాడు. సంక్రాంతి జాతరలో ఒగ్గు పూజారులు రంగుల ముగ్గులతో పట్నాలు వేసి, డోలు మోతల మధ్య మల్లన్న కథ చెబుతారు.

జనగామ దగ్గరి పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద సుత్తి, ఉలితో బొమ్మలు తేలుస్తారు. ఆ పనికి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపూ ఉంది. అక్కడికి వెళ్తే చేసినవారి దగ్గరే ఒక వస్తువు కొనండి. ఆ విద్య మరో తరానికి అందాలంటే మన ఆదరణే ఆధారం.