వేడెక్కితే ఆగిపోయే పాత కారు

కార్బ్యురేటర్ కాలపు మారుతి 800 లాంటి డిస్ట్రిబ్యూటర్ బండ్లు ఇంకా నడుపుతున్నవారికి ఈ తిప్పలు తెలుసు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఎండలో కొంతదూరం పోయాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ మామూలే. వెంటనే కార్బ్యురేటర్ విప్పించేస్తారు చాలామంది. అనవసరపు ఖర్చు! ముందు స్పార్క్ చూడాలి.

అదీ బండి ఆగిన వెంటనే, వేడి మీదే. ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే పెద్ద వైరుకు స్పార్క్ టెస్టర్ తగిలించి సెల్ఫ్ కొట్టించండి. అందులో వేల వోల్టులుంటాయి, చెయ్యి దూరంగా ఉంచండి. పెట్రోలు కారుతుంటే ఈ పని అసలు వద్దు. స్పార్క్ నీలంగా, గట్టిగా వస్తే కాయిల్, దాన్ని నడిపే ఇగ్నిషన్ మాడ్యూల్ రెండూ పనిచేస్తున్నట్టే.

రాకపోతే, తాళం ఆన్ చేసి కాయిల్ ప్లస్‌కు కరెంటు అందుతోందో లేదో చూడండి. అందుతుంటే, టెస్ట్ ల్యాంపు ఒక కొన బ్యాటరీ ప్లస్‌కు, రెండోది కాయిల్ మైనస్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ల్యాంపు మిణుకుమిణుకుమంటే మాడ్యూల్ తన పని చేస్తోంది, అనుమానం కాయిల్ మీదే. మిణుకు లేకపోతే మాడ్యూల్, దానికి సంకేతమిచ్చే పికప్ కాయిల్, వాటి వైర్లు చూడాలి. మాడ్యూల్ ఎర్త్ తుప్పుపట్టినా ఇదే లక్షణం, కాబట్టి ముందు దాన్ని గీకి శుభ్రం చేయించండి.

కొత్త మాడ్యూల్ బిగించేటప్పుడు, వేడి లాగే పేస్టు రాయాల్సిన రకమైతే తప్పక రాయించండి. లేకపోతే అదీ త్వరగానే కాలిపోతుంది.